పన్నెండు ఫ్రేములు

మంగళవారం రాత్రి పదకొండు. ఇస్తాంబుల్‌లో
ఒక భవనం నేలకింది గది. కిటికీ లేదు.
టీ గ్లాసు అడుగున చక్కెర గడ్డకట్టింది.
గురువారం ఎనిమిదింటికి దేశమంతా చూస్తుంది.
చానెల్‌కి నూట నలభై నిమిషాలు కావాలి,
రాసిచ్చింది తొంభైకి సరి.
మిగతా యాభై
నేను చూపులతో నింపుతాను.

సముద్రం ఒడ్డున మేడ. యజమానురాలు మువెద్దెత్ తలుపు తెరుస్తుంది.
ఆమె ముఖం. కొడుకు ముఖం.
మళ్ళీ ఆమె, ఈసారి కాస్త దగ్గరగా.
కింద సన్నగా వయొలిన్.
కెరటం. మళ్ళీ ఆమె.
ఎవరూ ఏమీ అనలేదు.
అయినా శుక్రవారం కూరగాయల బజార్లో అంటారు:
"ఎంత దుఃఖం దిగమింగిందో మహాతల్లి!"
నిజానికి ఆ నటి దిగమింగింది ఏమీ లేదు.
కొత్త బూటు కరుస్తోంది,
దర్శకుడు ఎప్పుడు కట్ అంటాడా అని చూస్తోంది.
దుఃఖం నేను కుట్టాను,
ముఖానికీ ముఖానికీ మధ్య అతుకులో.

ఆ మేడలో పనిమనిషి పేరు సుల్తాన్.
తూర్పు కొండల పిల్ల. పేరొక్కటే సింహాసనం ఎక్కింది.
నలభై మూడు భాగాల్లో ఆమెకి నేనిచ్చినవి:
ట్రే పట్టుకున్న చేతులు
మెట్ల మీద మడమలు
గుమ్మంలో సగం భుజం, అదీ మసగ్గా.
ఆమె మాట్లాడుతుంటే
వింటున్న అమ్మగారి చెవిపోగు చూపించాను.
కెమెరా ఎప్పుడూ మెట్ల పైనే ఉంది,
ఆమె ఎప్పుడూ కింద.
ఇలా చెయ్యమని నాకెవరూ చెప్పలేదు.
చెయ్యే చేసుకుపోయింది,
చీకట్లో గడప తెలిసిన కాలిలా.

నిన్న జోజాన్ వచ్చింది, సుల్తాన్ వేషం కట్టే అమ్మాయి.
ఓడ కూతలో ఒక మాట చెడిపోయింది, మళ్ళీ చెప్పాలి:
"నీళ్ళు పెట్టమంటారా?"
తెర మీద తన జడ చూసుకుంది.
"నోరు కనిపించదు కదా, పెదాలు కలపక్కర్లేదు. హాయి."
నవ్వింది. మూడుసార్లు చెప్పి,
స్కార్ఫు చుట్టుకుని బస్సుకి పరుగెత్తింది.

ఆ హాయి నాకు గొంతులో ముల్లయింది.

పారేసిన ముక్కలన్నీ తవ్వాను.
నాలుగో టేకు చివర కెమెరా ఆపడం మరిచారు.
తలుపు మూసుకున్నాక సుల్తాన్
కాలిన వేలు ఊదుకుంటుంది,
తలెత్తి గదంతా చూస్తుంది.
జాలి లేదు, విశ్వాసం లేదు,
ఆ షాండిలియర్ ఎంతకి అమ్ముడుపోతుందో
లెక్కగడుతున్న ముఖం.
నాలుగు సెకన్లు. అతికించాను.

ఓక్తాయ్ బే కుర్చీ లాక్కుని చూశాడు.
"తీసెయ్" అన్నాడు.
"పనిమనిషికి క్లోజప్ ఇస్తే రెండే అర్థాలు:
ఏదో దొంగిలించింది, లేదా కడుపుతో ఉంది.
రెండూ మన కథలో లేవు."
అతను చెడ్డవాడు కాదు. వాళ్ళమ్మకి ఫోను చేసి
మందులు వేసుకుందో లేదో కనుక్కున్నాడు, నా ముందే.
బేరమాడాను. నాలుగు రెండైంది, రెండు ఒకటైంది.
చివరికి పన్నెండు ఫ్రేములు,
అర సెకను కన్నా తక్కువ.
ఒక ముఖం "నేను" అనడం మొదలుపెట్టి
"నే" దగ్గరే ఆగిపోయేటంత.

గురువారం ప్రసారమైంది. ఎవరూ ఏమీ అనలేదు.
మువెద్దెత్ కన్నీటికి మాత్రం రేటింగ్ బాగా వచ్చింది.
జోజాన్ చూసిందో లేదో
అడగాలనుకున్నాను, అడగలేదు.

రాత్రి ఓడలో అవతలి ఒడ్డుకి పోతున్నాను.
నా ముందుకి ఒక ట్రే వచ్చింది,
దాన్ని పట్టుకున్న రెండు చేతులు, గోళ్ళ కింద నలుపు.
పన్నెండేళ్ళుగా ఈ ఓడలోనే టీ తాగుతున్నాను,
చేతుల దగ్గరే కట్ చేసుకుంటూ.
మెడ బిగుసుకుపోయినట్టుంది. కష్టపడి పైకెత్తాను.
పై పెదవి మీద చిన్న గాటు,
ఒక కన్ను కొంచెం చిన్నది.
అతను నా కోటు బొత్తాల వంక చూస్తున్నాడు,
దాని ఖరీదు తేల్చేస్తున్నట్టు.

"చక్కెర ఒకటా, రెండా?"
అడుగుతున్నాడు,
రెండోసారి.