పన్నెండో నంబరు

పొద్దున ఆరు నుంచి రెండు దాకా
వనీనా ఒకాంపోస్ చేతులు
లా ప్లాతా రహదారి మీద టోల్ గేటువి.
గాజు గదిలోంచి చెయ్యి చాచి
కదిలే కార్ల నుంచి చిల్లర అందుకునేది.
కింద పడ్డ నాణెం ఆమె జీతంలోంచే పోతుంది.
"అందుకే నాకు బంతి జారదే" అనేది
వేళ్ళు విరుచుకుంటూ.

మూడున్నరకి మా మైదానం.
ఒక పక్క రైలు పట్టాలు, ఒక పక్క తోళ్ళ కార్ఖానా కంపు,
గోలు ముందు గడ్డి మొలవని బట్టతల.
పదమూడేళ్ళు అక్కడే నిలబడి, అక్కడే పడి
ఆమే దాన్ని అలా చేసింది.
మొదటి గ్లవ్స్ మగవాళ్ళ జట్టు పారేసినవట,
వేళ్ళ కొసల్లో దూది కుక్కి తొడుక్కుందట.

నేను రెండో గోల్‌కీపర్ని.
ఆరేళ్ళు.
ఆటకి ముందు ఆమె చేతుల్లోకి బంతులు కొట్టడం,
ఆట అయ్యేదాకా ఒళ్ళు చల్లబడకుండా
గీత పక్కన గెంతుతూ ఉండడం నా ఉద్యోగం.
ఆమె కింద పడ్డ ప్రతిసారీ
బెంచీ మీంచి సగం లేచేదాన్ని.
ఆ సగం భయం.
మిగతా సగం ఏమిటని ఎవరూ అడగలేదు.

ఒక జూలై చలిలో అనుకున్నాను:
ఒక్క ఎముక చాలు.
పెద్దది వద్దు,
మూడు వారాల్లో అతుక్కునేది.

విరిగింది.
కార్నర్ కిక్కులో మా రొమీనా మోకాలే తగిలి
ఉంగరపు వేలు పక్కకి తిరిగిపోయింది.
అప్పటికే నేను స్వెటరు విప్పేశాను.
వనీనా ఆ వేలిని ఎవరిదో అన్నట్టు చూసింది,
తనే లాగింది,
చిటికెన వేలితో కలిపి టేపు చుట్టింది,
నా వైపు చూడకుండానే
"కూర్చో" అంది.

ముప్పై మూడో ఏట ఒప్పందం కాగితం వచ్చింది.
వృత్తి క్రీడాకారిణి అని అచ్చులో.
క్లబ్బు ఆఫీసులో కుర్రాళ్ళ కప్పుల కింద కూర్చుని
వంకర వేలితో సంతకం పెడితే
చివరి అక్షరం గీత దాటి బల్ల మీదికి పోయింది.
జీతం టోల్ గేటు కంటే తక్కువ.
ఇంకో ఎనిమిది నెలలు రెండు పెట్టెల్లోనూ నిలబడింది,
గాజుదాంట్లో, వలదాంట్లో.

ఆపిన పెనాల్టీలు పత్రికవాళ్ళు లెక్కపెట్టారు.
ఆమెకి గుర్తున్నది ఒకటే, ఆపనిది.
సాంతా ఫేలో వాన, నలభై మంది జనం, ఒక కుక్క.
మా పిల్లే వెనక్కి తన్నిన బంతి
ఆమె కాలి కిందనుంచి దూరి
పాలు కొనడానికి వెళ్ళే పిల్లలా
తీరిగ్గా గీత దాటింది.
రాత్రి రెండింటికి, బస్సులో అందరూ నిద్రపోయాక,
నా పక్కన కూర్చుని అంది:
"నువ్వైతే ఆపేదానివి."
"లేదు" అన్నాను.
ఇద్దరిలో ఒకరం అబద్ధమాడాం.
ఎవరో నాకు ఇప్పటికీ తెలీదు.

నిన్న, డెబ్బై ఒకటో నిమిషంలో, బోర్డు మీద
ఎర్రగా ఒకటి, పచ్చగా పన్నెండు.
జనం లేచి చప్పట్లు కొడుతూనే ఉన్నారు.
ఆమె నడిచి వచ్చింది, పరుగెత్తలేదు.
కౌగిలించుకుంటుందని చేతులు చాచాను.
నా చేతులు పట్టుకుని
రెండు గ్లవ్స్ మీదా ఉమ్మింది,
శ్రద్ధగా, కొసల దాకా రాసి.
"గాలి పట్టాల వైపు నుంచి" అంది.
అంతే.

బట్టతల మీద రెండు గుంటలున్నాయి, ఆమె పాదాలవి.
నా కాళ్ళకి కాస్త ఎడం ఎక్కువ.
సర్దుకునే లోపే
ఎవరో దూరం నుంచి కొట్టారు.
బంతి గాలికి వంగి నా మీదికి వస్తుంటే
కంటి చివర, బెంచీ మీద,
ఎవరో సగం లేచారు.