పళ్ళ డాక్టరు ఆదివారం

వారమంతా వుల్వర్‌హాంప్టన్ నోళ్ళలోకి తొంగి చూస్తాను.
ఆదివారం మాత్రం
వేరే పళ్ళు.

ఫాలింగ్స్ పార్క్ దాటాక ఒక రేకుల షెడ్డు.
లోపల గై అరబ్, నలభై మూడో సంవత్సరంది.
గై అంటే కట్టినవాళ్ళ ఇంటిపేరు. మరి అరబ్ ఎందుకని
క్లిఫర్డ్ ట్రాంటర్‌ని అడిగితే
"నీ పేరుకి అర్థం నేనడిగానా?" అన్నాడు
టీలో బిస్కెట్టు ముంచుతూ. అది విరిగి మునిగిపోయింది.

యుద్ధంలో పుట్టిన బండి.
అల్యూమినియమంతా విమానాలు మింగేస్తే
దీని వంతుకు ఇనుపరేకూ, తడారని కర్రా,
కూర్చోడానికి చెక్కబద్దలూ.
రేకుని వంచే తీరిక లేదు, కోసి అతికారు,
అందుకే ఇంత కోణాల మొహం.
అయినా వెనక, పైఅంతస్తు కిటికీ మూల తడిమి చూడండి:
ఎవరో, మేస్త్రీ అటు తిరిగినప్పుడు,
ఒక్క అంగుళం గుండ్రంగా సాగగొట్టి వదిలేశాడు.
పేరు రాసుకోలేదు.
నేను నాలుగు చలికాలాలుగా వస్తున్నది
ఆ అంగుళం కోసమేనేమో.

రేడియేటరు మూత మీద ఈకల తలకట్టుతో ఒక ముఖం,
తర్వాతెప్పుడో తగిలించింది.
"ఇండియన్," అన్నాడు క్లిఫర్డ్ మొదటిరోజు.
"నేనూ," అన్నాను.
ముగ్గురం ఒకరినొకరం చూసుకున్నాం.
ఎవడో ఓడ దారి తప్పినందుకు
ఇన్నాళ్ళకి ఈ బంధుత్వం.

గేర్లు అద్దంలో చూసినట్టుంటాయి,
ఒకటి ఉండాల్సిన చోట మూడు.
క్లచ్ రెండుసార్లు తొక్కాలి,
మధ్యలో ఓ నిట్టూర్పు పట్టేంత ఆగాలి.
తొందరపడ్డామా, పళ్ళు నూరుతుంది.
ఆ పళ్ళు కొన్ని క్లిఫర్డ్ బిగించినవే కావచ్చు, ఇలాంటి వేరే బళ్ళలో.
పదిహేనో ఏట ఫ్యాక్టరీ గేటు లోపలికి,
నలభై ఒకటో ఏట అందరితోపాటు బయటికి.
గేటుకి తాళం వేసినవాడి గురించి మాట్లాడడు.
స్పానరు తుడుస్తాడు. తుడిచిందే తుడుస్తాడు.

ఇవాళ స్టార్టయింది.
నల్లపొగ ఒక్కసారి దగ్గి,
అయిదు సిలిండర్ల గార్డ్‌నర్ ఇంజను
ఖండగతిలో పడింది: తక తకిట, తక తకిట,
తిరగలి మీద బద్ధకంగా చెయ్యేసినట్టు.
క్లిఫర్డ్ క్యాబ్ మెట్టు దాకా వెళ్ళి
వణికే చెయ్యి చూసుకుని
"నువ్వెక్కు," అన్నాడు.

రెండు నుంచి మూడుకి
చప్పుడు లేకుండా పడింది. నమ్మండి, చప్పుడే లేదు.
వెనక అద్దం కొట్టి నవ్వుతున్నాడాయన,
ఇన్నేళ్ళలో మొదటిసారి నోరంతా తెరిచి.
లెక్కపెట్టేశాను, అలవాటు:
పైన రెండు ఖాళీలు, కింద మూడు.

"మంగళవారం రండి, ఫీజు వద్దు," అన్నాను దిగాక.
"కొత్తవి పెడతావా?"
"పెడతాను."
చాలాసేపు బండి వంకే చూశాడు.
"ఒరిజినల్ పార్టులు మిగిలినన్నాళ్ళే
ఎవరికైనా ధర," అని
నూనె గుడ్డ నా మీదకి విసిరాడు.