జతపరచినవి

నెల్లూరు కార్పొరేషన్ ఆఫీసు మెట్ల పక్కన
ఇరవయ్యారేళ్లుగా అర్జీలు రాస్తున్నా.
కుళాయి కనెక్షను, ఇంటిపన్ను,
పోయినవాళ్ల పేర్లు కొట్టేసి ఉన్నవాళ్ల పేర్లు ఎక్కించడం,
ఏ కష్టానికైనా నా దగ్గర ఒకటే మొదలు:
"తమరి దివ్యసముఖమునకు."

మొన్న చినబజారు నుంచి మాలకొండయ్య శెట్టి వచ్చాడు,
చేతిలో నోటీసు, అది అప్పటికే చెమటకి మెత్తబడింది.
మూడంతస్తుల చీరల కొట్టుకి రెండో మెట్లదారి లేదంట.
మిద్దెమీద నీళ్ల ట్యాంకు లేదంట.
సందులోకి ఫైరింజను దూరదంట.
"సందుని నేను కుట్టానా అబ్బయా, బిగుతైందనడానికి?
మా నాయన కట్టిననాటికి ఈ రూలు పుట్టనే లేదు.
మినహాయింపు అడుగు. గట్టిగా రాయి."

గట్టిగా రాయడం నాకు తెలుసు.
'చిరకాలముగా', 'స్తోమతకు మించి', 'దయతలచి'
ఈ మాటలు నా పెన్నులో సిరాకంటే ముందే ఉంటాయి.
కొలతలే కావాలి. టేపు తీసుకుని పొయ్యా.

కింద: వెంకటగిరి జరీ, అద్దాలు, ఏసీ చలి.
నడిమి అంతస్తు: బేళ్లు. అవతలి గోడ కనపడదు.
పైన రేకుల కింద
ఫాలు కుట్టే ఆడవాళ్లు ఐదుగురు, మిషన్లు ఆరు.
ఒక్క కిటికీ. కిటికీకి గ్రిల్లు. గ్రిల్లుకి తాళం.
తాళంచెవి?
"గల్లాపెట్టెలో ఉంటది" అంది ఖాసింబీ
పంటితో దారం తెంపుతా.

మెట్లు కొలుస్తుంటే నవ్వింది.
"టేపెందుకన్నా, నన్నడుగు. ముప్ఫైతొమ్మిది.
కరెంటు పోతే ఎడమచెయ్యి గోడకానించి దిగుతాం.
పద్నాలుగోది విరిగింది. ముందున్నోళ్లు ఆగి
వెనకున్నోళ్లకి చెప్తారు: పద్నాలుగు.
పోయిన ఎండాకాలం మెయిను బోర్డులో పొగొచ్చినప్పుడూ అట్టే దిగాం.
పాపాయమ్మ దగ్గుతా లెక్క తప్పింది.
విరిగింది మిషను తొక్కే కాలే."
ఆరో మిషను మీద పాత దుప్పటి కప్పి ఉంది.

ఆ రాత్రి మూలాపేటలో, ఇంట్లో కూర్చుని రాశా.
శెట్టి చెప్పినవన్నీ రాశా, అబద్ధం ఒక్కటీ లేదు.
సందు పాతది, కొట్టు పాతది, అప్పు కొత్తది.
అంగడి మూతబడితే పందొమ్మిది ఇళ్లలో పొయ్యి వెలగదు.
చివర 'జతపరచినవి' అని గీత గీసి
ఒకటి: నోటీసు నకలు.
రెండు: పన్ను రశీదు.
మూడు: పద్నాలుగో మెట్టు.
చెయ్యి రాసేసింది. నేను కొట్టెయ్యలేదు.

పొద్దున శెట్టి చదివాడు.
కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాడు.
"ఇదేందయ్యా, మెట్టుని కాయితానికి ఎట్ట జతచేస్తావు?"
నేను పెన్ను మూత బిగించుకుంటా కూర్చున్నా.
ఆయన టీ మీద మీగడ కట్టింది.
చాలాసేపటికి,
"కొట్టు వెనక మురిక్కాలవ ఎవరిది?"
"వీళ్లదే."
"దానిమీద ఇనపమెట్లు నిలబెడతా, ఖర్చు నాది.
కాళ్లు దించుకోను రెండడుగుల చోటు వాళ్లనిమ్మను.
మినహాయింపు తీసెయ్. ఆరు నెల్ల గడువడుగు.
ట్యాంకు మాత్రం ఈ ఏడు నావల్ల కాదు, అదీ రాయి."

రాశా.
"తమరి కాలువపై మా మెట్లను ఆననివ్వవలెనని ప్రార్థన."
ప్రార్థన అన్న మాట అన్నేళ్లు రాశానుగానీ
చదవడం అదే మొదలు.

ముద్ర పడింది. నంబరిచ్చారు.
విచారణకి పిలుస్తామన్నారు, ఎప్పుడో చెప్పలేదు.
శెట్టి తాళంచెవి పైకి పంపాడని ఎవరో అన్నారు.
నిజమో కాదో ఎక్కి చూడాలి.
వాళ్లు దిగే పద్నాలుగు
ఎక్కేవాడి లెక్కలో ఇరవయ్యారు.
అక్కడ ఆగాలి.