మాడిన అడుగు

వోర్-యోగాన్ నదిగట్టున జానెడు ఇసుక గీకితే నల్లమట్టి.
దాని కింద మళ్ళీ ఇసుక.
ఆ రెంటి మధ్య అరచేతిలో పట్టేంత పెంకు.
బయట దువ్వెనతో నొక్కినట్టు వరస చుక్కలు,
లోపలివైపు
ఎవరూ తోమని మసి.

కడగొద్దు, అన్నాను యెరెమేయ్‌తో.
పడవ నడపడానికి వచ్చి
మా దగ్గరే తవ్వడం నేర్చుకున్నాడు.
ఏడువేల ఏళ్ళుగా కడగనిది
ఇవాళ కడుగుతానా, అని నవ్వి
దోమతెర మొహం మీదికి లాక్కున్నాడు.

ఒక సంగతి ఒప్పుకోవాలి.
చక్కగా ఉడికిన వంట ఏదీ మాకు దొరకదు.
దాన్ని తినేశారు, వేళ్ళు నాకేశారు.
ఎప్పుడో ఒక సాయంత్రం
ఎవరి కేక విని ఆమె బయటికి పరిగెత్తిందో,
ఏ పసివాడు పల్చటి మంచు మీద అడుగుపెట్టాడో,
కుండ అడుగంటింది.
ఆ అడుగే మా శాస్త్రం.

ఆమె అన్నాను. అతను కూడా కావచ్చు.
పెంకు ఆ మాట చెప్పదు. నా నోటికి అలవాటు, అంతే.

చలికాలమంతా నగరంలో, ప్రయోగశాలలో,
పళ్ళ డాక్టరు మరలాంటి దానితో
చిటికెడైనా కాని పొడి రాలుస్తాను.
గాజు సీసాలో ద్రావకం పోస్తే
ఇన్నేళ్ళూ మట్టిలో దాక్కున్న కొవ్వు
మెల్లగా బయటికొస్తుంది.
రాత్రంతా యంత్రం గొణుగుతుంది.
తెల్లారేసరికి తెర మీద శిఖరాలు:
చేప. మళ్ళీ చేప.
ఒక్క కుండలో మాత్రం ఏదో పుల్లటి పండు జాడ.
కింది అంతస్తు మ్యూజియంలో
గోడంతా బల్లెం ఎత్తిన వేటగాడు, పారిపోయే రెయిన్‌డీర్.
ఏ మూలా గరిటె లేదు.

ఇంకో చిక్కు.
నది పాత కర్బనాన్ని తాగుతుంది,
చేప నదిని తాగుతుంది,
మసి చేపను దాచుకుంటుంది.
కాలం లెక్క కడితే కుండ
తన ఈడుకన్నా నాలుగు వందల ఏళ్ళు ముసలిదై కూర్చుంటుంది.
పక్క గుంటలో ఎముక మరో వయసు చెబుతుంది.
ఇద్దరి మధ్యా నేను తీసివేతలు చేస్తుంటాను,
తగువు తీర్చలేని పెద్దమనిషిలా.

నలభై ఒకటో పెంకుకి రెండు చిల్లులున్నాయి,
పగులుకి ఇటొకటి, అటొకటి.
నరంతో కుట్టి, బిర్చి బెరడు జిగురు పూసిన గుర్తు.
ఆ జిగురు రావాలంటే
గాలి సోకకుండా బెరడును కాల్చాలి.
కొంచెం ఎక్కువైతే బూడిద, తక్కువైతే వట్టి పొగ.
ఇంత విద్యా ఒక చీలిన కుండకి!
మట్టి ఉంది, నీళ్ళున్నాయి, కొత్తది చేసుకోవచ్చుగా
అనుకున్నాను, వెచ్చని గదిలో.
తర్వాత గుర్తొచ్చింది:
అక్కడ కుండ ఆరే ఎండ రెండు నెలలే.

మరుసటి వేసవిలో
యెరెమేయ్ మేనత్త అగ్రఫేనాకి
గీతల కాగితం చూపించాను.
ఇనప బానలో చేప పేగులు కాస్తోంది నూనె కోసం.
చేపే, అన్నాను గర్వంగా.
ఏ చేప? అంది.
తెలీదు.
వసంతంలో పట్టిందా, మంచు కింద పట్టిందా?
తెలీదు.
గుడ్లతోనా?
కాగితాన్ని అటూ ఇటూ తిప్పి
నా చేతిలోనే పెట్టేసింది.

ఆ మాటల్లో పడి బానను మరిచాం.
ముందు ఆమె ముక్కుకి తెలిసింది, తర్వాత నాకు.
దించి, నూనె వంచి,
ఏటి ఒడ్డున కూర్చుని
గుప్పెడు ఇసుకతో తోమింది, తోమింది,
ఇనుము మెరిసేదాకా.
ఏమీ మిగల్చలేదు.