ఏ గడిల రాయాలె

మక్తల్ కాన్నుంచి ఆటోల వస్తది మేడం,
గురువారం లోపల రిజిస్టర్ నింపి పెట్టాలె.
ఒక్కో పిల్లకు మూడు గడులు:
ఒళ్ళు, తెలివి, కలుపుగోలుతనం.
వస్తే టిక్కు, రాకుంటే సున్న.

కురుమూర్తి పేరు కాడ పెన్ను ఆగింది.

పోయిన నెల పూణె నుంచి తెచ్చి
అమ్మమ్మ దగ్గర విడిచి పోయిండ్రు.
తల్లీ తండ్రీ లేపే పద్నాలుగంతస్తుల కింద
ఇసుక కుప్ప మీద పెరిగిన పిల్లగాడు.
నాలుగేండ్లు నిండినయి.
నీ పేరేంది బిడ్డా అంటే
గోడ దిక్కు చూస్తడు.
ఒకటి రెండు చెప్పుమంటే పెదవి కదలదు.
చప్పట్లు కొట్టుమంటే
చేతులు చంకల్ల దాస్తడు.
రెండో గడిల సున్న, మూడో గడిల సున్న.
పెన్సిల్‌తోనే పెట్టిన,
ఎందుకో.

పన్నెండున్నరకు ఈదమ్మ
సత్తు గిన్నెల గుడ్లు తెచ్చింది, పొగలు కక్కుకుంట.
మా పిల్లలకు గుడ్డు తినుడు కంటె
ఒలుసుడు పెద్ద పని.
సాబెరా పెంకుతో సహా కొరుకుతది.
నందు గచ్చుకేసి కొడితే
సగం గుడ్డు గచ్చే తిన్నది.
జమున అయితే నా ఒడిల పెట్టి
నోరు తెరిచి కూసుంటది.

కురుమూర్తి తొందర పడలే.
గుడ్డును చెంపకు ఆనిచ్చి వేడి చూసుకున్నడు.
చెవి కాడ ఊపిండు.
కొస దిక్కు విడిచి, బోడ దిక్కు
గడప రాయికి మెల్లగ తట్టిండు.
తిప్పి ఇంకోసారి.
తిప్పి మూడోసారి.
నోట్ల నుంచి రాని లెక్క
మణికట్టుల ఉన్నది.

అరచేతుల నడుమ దొర్లించి
పెంకు కింది సన్నని పొరను గోటితో అందుకున్నడు.
గుంజితే
అంగీ విడిచినట్టు విడిచింది గుడ్డు.
ఇరవై ఏండ్ల సంది ఒలుస్తున్న నేను,
పొర ఒకటుంటదని ఎన్నడు చూడలే.

వెలుతురుకు పట్టి ఒక్కపారి చూసుకున్నడు.
తినలే.
జమున తెరిచిన నోటి దిక్కు తిరిగిండు.
పెడతడనుకున్న.
పెట్టలే.
తన గుడ్డు తొడ మీద పెట్టుకొని
జమున గుడ్డు జమున చేతికే ఇచ్చి
ఆ వేళ్ళ మీద తన వేళ్ళు ఆనిచ్చి
గడపకు తట్టించిండు.
ఆ పిల్ల గట్టిగ గుద్దబోయేసరికి
"హళు, హళు" అన్నడు.

ఏం మాటో నాకు సమజ్ కాలే.
గిన్నె తోముతున్న ఈదమ్మ తలెత్తింది.
ఆరేండ్లు పూణెల ఇటుకలు మోసింది ఆమె.
"మెల్లగ అంటున్నడు టీచరమ్మా. మరాఠీ.
పిల్లగాడు ఎప్పుడో మాట్లాడుతున్నడు,
మనకే ఇనరాలే."

గడప కాడ లైన్ కట్టిండ్రు మిగిలినోళ్ళు.
నందు, ఒక్క నిమిషం ఆగనోడు,
గుడ్డు రెండు చేతుల పట్టుకొని వంతు కోసం ఆగిండు.
సాబెరా హళు అంటది, అందరు నవ్వుతరు,
కురుమూర్తి ముందు నవ్విండు.
ఆ తర్వాత తన గుడ్డు తిన్నడు,
చల్లగైనంక.

సాయంత్రం రబ్బరుతో సున్నలు తుడిచిన.
కాయితం కొంచెం లేచింది.
వేడి చూసుకున్నది ఒళ్ళా, తెలివా?
వేళ్ళ మీద పెట్టిన వేళ్ళు ఏ గడిలకు వస్తయి?
మూడు గడుల మీదికెల్లి అడ్డంగ రాసిన:
గుడ్డు ఒలుస్తడు, ఒలిపిస్తడు.
మేడం ఇదేందంటే ఏం చెప్పాలెనో
ఇంకా అనుకోలే.

రాత్రి ఇంట్ల ఒక గుడ్డు ఉడకబెట్టుకొని
నేను కూడ గడపకు తట్టి చూసిన.
పొర దొరకలే. తెల్లదంతా పెంకుకే అంటుకొని పోయింది.
హళు, అనుకున్న.
ఇంకొక గుడ్డు పొయ్యి మీద పెట్టిన.