అడుగున బెజ్జం

వారంటీ ఇంకా పదకొండు రోజులుంది.
షోరూము పిల్లోడు టై సర్దుకుంటా చెప్పినాడు,
"బయటి ఆయిల్ ఒక్క చుక్క పోసినా మాకు సంబంధం లేదు సార్."
అదే నోటితో కుర్చీ ఏయించి, చల్లనీళ్ళిచ్చి,
ఆరువేల నాలుగొందల కాయితం చేతిలో పెట్టినాడు.
కంతు ఐదో తేదీ.
ఆ రోజు మూడు.

చిన్నచౌకు దాటినాక, పాత టైర్లు గోడమాదిరి పేర్చిన సందులో
జిలాన్ షెడ్డు.
బండికింద నుంచి ముందు కాళ్ళొచ్చినాయి,
తర్వాత మనిషి.
నేనింకా నోరు తెరవనేలేదు,
డబ్బాల దిక్కు వేలు చూపించినాడు.
కంపెనీ బొమ్మది ఒకటి, బొమ్మ లేనిది ఒకటి,
మధ్యలో మూడొందలు.

కడప బండలు తోలేవాణ్ణి నేను.
బండ బరువు తెలుసు, నూనె బరువు తెలీదు.
మూడొందల బరువు మాత్రం బాగా తెలుసు:
మా ఆమె కళ్ళజోడుకు ఒక అద్దం.
ఒకటే.
రెండో అద్దానికి ఇంకో మూడొందలు.

"యాది మంచిదన్నా?"
నవ్వలా, తిట్టలా.
డబ్బా తిప్పి వెనకమాల సన్నరాత మీద గోరు పెట్టినాడు.
"ముందున్న పేరు వాళ్ళది పెంచలయ్యా,
వెనకున్న అంకె నీది.
నీ బండి పుస్తకంలో ఉండే అంకె దీనిమీద ఉంటే చాలు.
ఇంజను పేర్లు చదవదు.
బిల్లు మాత్రం పారేయబాకు, ఆ టై పిల్లోడు చదువుతాడు."

ఇంతేనా అని పానం తేలికైంది.
అంతలోనే రేడియేటరు మూత తీసి, రా చూడు అన్నాడు.
లోపల పసుపు తిరిగిన సున్నం పెచ్చులు.
ఎండాకాలమంతా నేను పోసిన బోరునీళ్ళు,
రాయచోటి దారిలో ఎవరి మోటరుకాడనో పట్టినవి.
మా నాయన పండ్లమీద ఇదే రంగుండేది.
నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు.
ఇనుపనోటికి చెయ్యి లేదు.

"చారుమీద మజ్జిగ పోసుకున్నట్టు కాదప్పా,
పచ్చనీళ్ళమీద ఎర్రనీళ్ళు పోస్తే జిగురైతాది.
ఇందులో కంపెనీదే పోస్తా. గొణగబాకు."
గొణిగినా.
పోసినాడు.

బ్రేకు ఆయిలుకాడికొచ్చేసరికి గొంతు తగ్గింది.
అరచేతిలో ఇమిడే సీసా.
మూత చెవికాడ పెట్టుకుని తిప్పినాడు.
సీలు టిక్కుమన్నాక గానీ ఒప్పుకోలా.
"కంపెనీదా బయటిదా అనేది తర్వాత మాట.
చెమ్మ తాగిందా లేదా, అది ముందు."
షెడ్డు గోడకు వంగిపోయిన స్టీరింగు ఒకటి మేకుకు తగిలించి ఉంది.
దాని గురించి ఎవరూ అడగరు.
నేనూ అడగలా.

లేసేటప్పుడు ఖాళీ డబ్బాలు రెండూ ఇమ్మన్నా,
బండిలో నీళ్ళకు పనికొస్తాయని.
జిలాన్ స్క్రూడ్రైవరు తీసి
ఒక్కోదాని అడుగున ఒక్క పోటు పొడిచినాడు.
"మామూలు డబ్బాకు పాతసామాన్లోడు నాలుగు రూపాయలిస్తాడు,
బొమ్మ చెడని కంపెనీ డబ్బాకు ఇరవై.
ఆ పదహారు యాలిస్తాడో నువ్వే చెప్పు."
చెప్పలేకపోయినా.
"మళ్ళా నిండుతాది. మళ్ళా మూత బిగుస్తాది.
కంపెనీ రేటుకే ఇంకో పెంచలయ్య కొంటాడు."
షెడ్డు వెనక గుట్ట చూసినా,
అన్నిటికీ బెజ్జాలు.
అన్ని పదహార్లు ఆ మనిషి మట్టిలో పారేసినాడు,
కాలికి తెగిన చెప్పులేసుకుని.

మరుసటి దినం బండలు రాయచోటిలో దించి,
తిరుగు లోడు మామిడికాయలతో
గువ్వలచెరువు పాలకోవా అంగళ్ళు దాటినా.
దిగుడు మొదలైంది.
మొదటి మలుపులో పాదం మోపితే
కింద గట్టిగా, నిండుగా ఏదో ఎదురు నిలబడింది.
ఇంజను సంగతి పదివేల కిలోమీటర్లకు తెలుస్తాది,
ఇప్పుడే నాకేం తెలీదు.

బెజ్జం డబ్బాల్లో ఒకదాన్ని పట్టుబట్టి తెచ్చుకున్నా.
ఎందుకంటే చెప్పలేను.
పక్కసీటుకాడ కడ్డీకి కట్టినా,
ఘాటు గాలికి
ఈల వేస్తా ఉంది.