వేరే పేజీ

టంగుటూరు పొగాకు కొట్టంలో
హాజరు పుస్తకం నాది.
మొదటి పేజీ పైన మాలకొండయ్య మేస్త్రి
చెప్పి రాయించిన మాట: ముఠా.
నలభై రెండు మంది ఆడవాళ్ళు.
ఆ మాటతో ఆయన లెక్క తీరిపోయింది,
నాకు అక్కడే మొదలైంది.

ముఠా అని రాశానే గానీ
పొద్దున ఏడింటికి వచ్చి దిగేవి ఆటోలు.
కొణిజేడు ఆటో, మర్లపాడు ఆటో,
జమ్ములపాలెం నుంచి రోజూ ఆలస్యమయ్యేది ఇంకోటి.
ఆటోలో మళ్ళీ
డ్రైవరు పక్కన సర్దుకునేవాళ్ళు వేరు,
వెనక కాళ్ళు వేలాడేసేవాళ్ళు వేరు.
మధ్యాహ్నం క్యారేజీలు విప్పితే ఆటోలూ చెదిరిపోతాయి.
గోంగూర ఒక పక్క,
ఎండుచేపల పులుసు ఒక పక్క,
ఎవరి చెంబుతో ఎవరు నీళ్ళు తాగరో
అది ఇంకో పక్క.
దానికి ఎవరూ పేరు పెట్టలేదు.
ఎవరూ మర్చిపోనూ లేదు.

చిన్నప్పట్నుంచీ నాకు మాటల పిచ్చి.
మా నాయనమ్మ దువ్వెన మొనతో పాయలు తీసేది.
"తల కదిలించబాకు" అనేది, అంతే,
ఇంకేం నీతి చెప్పేది కాదు.
జడలో పాయ, పెన్నలో పాయ,
గెలలో అత్తం, వెల్లుల్లిలో రెబ్బ,
పనసలో తొన.
కాయా కసరూ విడిపోతే ఎంత మెత్తటి మాటలో.
మనుషులు కాస్త ఎడంగా కూచుంటే చాలు
మాటకి కోరలొస్తాయి.
అవీ అవతలివాళ్ళకే.
మనం ఎప్పుడూ "మావోళ్ళమే".

మార్చిలో, వేలం ముమ్మరంగా ఉన్నప్పుడు,
సువార్తమ్మకి దగ్గు తెరలు తెరలుగా వచ్చింది.
ఆకు దుమ్ము. నోటికి కట్టుకున్న గుడ్డ మీద
ఎర్రటి చుక్క.
కాశింబీ లేచింది. అంకమ్మ లేచింది. పేరమ్మ,
కాశింబీతో రెండేళ్ళుగా మాటల్లేని పేరమ్మ, లేచింది.
ఎవర్నీ అడగలేదు.
పండాకు పోగు, పచ్చాకు పోగు
ఎక్కడివక్కడ వదిలేసి
రోడ్డు మీద బస్సాపి
ఒంగోలు పెద్దాసుపత్రికి పోయారు.

"గ్రూపు కట్టారు" అన్నాడు మేస్త్రి.
"ఆ నలుగుర్నీ వేరే పేజీలో రాయమ్మే. సగం కూలీ."

పేజీ తిప్పాను. పైన ఏదో ఒకటి రాయాలి.
జట్టు. కొట్టేశాను, కబడ్డీ కాదు గదా.
బృందం. తాళాలూ మద్దెలా వినపడ్డాయి.
సంఘం. వాయిదా కట్టని నెల
గడప తొక్కేది ఆ మాటే.
కూటమి. ఓట్లప్పుడు గోడలెక్కి
తర్వాత వానకి కారిపోయేది.
పాయ అని రాసి చాలాసేపు చూశాను.
అదీ కొట్టేశాను, మేస్త్రి నవ్వుతాడని.
ఆ గీత ఖాళీగా వదిలేసి
కింద నాలుగు పేర్లు రాశాను.

వాళ్ళ దగ్గర కూచుని ముద్ద తిన్నారని
మర్లపాడు ఆటోలో ముగ్గురు
శుక్రవారం ఆ పేజీకొచ్చారు.
శనివారం ఇంకో ఇద్దరు, ఎందుకో అడగలేదు నేను.
"ఇట్టా ఐతే ఎట్టా" అన్నాడు మేస్త్రి,
నాతో కాదు, పుస్తకంతో.

కాశింబీకి చదువు రాదు.
పేజీ పైన వేలు పెట్టింది.
"ఇక్కడేం రాశావు మమ్మల్ని?"
"ఏం రాయలా."
"ఉండనీలే అట్టనే" అని
కనిగిరి బత్తాయి ఒకటి ఒలిచింది.

పదకొండు తొనలు.
ఎనిమిది మందికి ఎనిమిది.
తొమ్మిదోది నా పుస్తకం మీద పెట్టింది,
సిరా ఆరని పేర్ల మీద.
ఆమె వేళ్ళ పొగాకు జిగురు దానికంటింది.
చేదు. తిన్నాను.
మిగిలిన రెండూ కొంగున ముడేసుకుంది,
ఆసుపత్రికి.